మాత్ర ఆపగానే కొలెస్ట్రాల్ మళ్లీ ఎందుకు పెరిగింది? సన్నగా ఉన్న అన్నయ్యకు 214 ఎలా వచ్చింది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. కిందటేడు గుండెకు స్టెంట్ వేశారు. రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ రకం మాత్ర వాడాక ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 నుంచి 68కి దిగింది. ‘నార్మల్ వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు’ అని ఆయనే మాత్ర ఆపేశారు. మూడు నెలల తర్వాత చూస్తే 151. ఒళ్లు మాత్రకి అలవాటు పడిపోయిందేమోనని ఇంట్లో టెన్షన్. అన్నయ్యకు 38 ఏళ్లు, సన్నగా ఉంటాడు, సిగరెట్ అలవాటు లేదు, అయినా ఎల్‌డీఎల్ 214. మెడికల్ రెప్‌గా చేసే బంధువు ‘ఈ మందులన్నీ రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి’ అన్నాడట, అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. అమ్మగారు మాత్రం కారం, పచ్చళ్లే కారణమంటున్నారు.

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా మెడికల్ విద్యార్థులకు ఫార్మకాలజీ చెప్పాను. ఇప్పుడు రిటైరై విజయవాడలో ఉంటున్నాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఏ మాత్ర ఎంత వేసుకోవాలో చెప్పను, అది మీ కార్డియాలజిస్టు పని. కానీ మీరు పంపిన మందుల చీటీలో ఉన్నవి లోపల ఏం చేస్తున్నాయో తెలిస్తే ‘నార్మల్ వచ్చింది, ఆపేద్దాం’ అనే మాట ఇక మీ ఇంట్లో వినపడదు.

మీ అమ్మగారి మిరపకాయతోనే మొదలుపెడతాను.

మిరపకాయ కొరికితే నోరు మండుతుందంటాం. థర్మామీటర్ పెట్టి చూస్తే నోట్లో వేడి ఏమీ పెరిగి ఉండదు. మరి మంట ఎక్కడిది? నాలుక మీది నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. వేడిని పసిగట్టడం దాని డ్యూటీ. దాదాపు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపిస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ సరిగ్గా ఆ ప్రొటీన్‌లో ఒకచోట ఇమిడి, వేడి లేకుండానే దాన్ని తెరిచేస్తుంది. మెదడు పాపం నమ్మేస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. పక్షుల్లోనూ ఈ ప్రొటీన్ ఉంది కానీ క్యాప్సైసిన్ కూర్చునే చోటు కాస్త వేరుగా ఉంటుంది. అందుకే మిర్చి యార్డులో మూటలు దించే మనిషి తుమ్మీ తుమ్మీ కళ్లు ఎర్రజేసుకుంటాడు, చిలక మాత్రం పండుమిరపకాయని జామపండులా తింటుంది. కాయ అదే. తేడా అంతా పట్టుకునేవాడిలో ఉంది.

ఆ పట్టుకునే ప్రొటీనే రిసెప్టర్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు. రక్తంలో ఎన్నో పదార్థాలు తిరుగుతుంటాయి. వాటిలో ఏది ఏ కణానికి తగులుతుంది, తగిలాక ఏం జరుగుతుంది అనేది ఆ కణం మీద ఏ రిసెప్టర్లు ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి అనేదాన్ని బట్టి ఉంటుంది. ఈ ‘ఎన్ని’ అనే మాట గుర్తుంచుకోండి. మీ నాన్నగారి 151కీ, మీ అన్నయ్య 214కీ జవాబు అందులోనే ఉంది.

కొలెస్ట్రాల్ నూనె లాంటిది, రక్తంలో తనంతట తాను కరగదు. అందుకని ప్రొటీన్ చుట్టిన చిన్న మూటల్లో ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్ అలాంటి మూట. ఆ మూటని రక్తంలోంచి తీసేసేది ఎక్కువగా లివర్. లివర్ కణాల మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఉంటాయి. మూట తగలగానే పట్టుకుని లోపలికి తీసుకెళ్తాయి, దించి ఖాళీ చేతులతో పైకి వస్తాయి. ఒక ట్రిప్పుకి సుమారు 10 నిమిషాలు. ఒక రిసెప్టర్ దాదాపు 20 గంటలు బతుకుతుంది, అంటే వందకు పైగా ట్రిప్పులు కొడుతుంది. మన యార్డు హమాలీలు కూడా అంత వరసగా మోయరు.

ఇప్పుడు అసలు కిటుకు. కణానికి లోపల కొలెస్ట్రాల్ సరిపడా ఉందనిపిస్తే కొత్త రిసెప్టర్లు తయారుచేయడం తగ్గించేస్తుంది. కొరత అనిపిస్తే పెంచుతుంది. స్టాటిన్ మాత్ర ఈ కొరతని సృష్టిస్తుంది. లివర్ సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకునే దారిలో ఒక ఎంజైమ్ ఉంది, మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. లోపల సరుకు తగ్గగానే లివర్ కంగారుపడి పైపొర మీద రిసెప్టర్లు పెంచుతుంది. అవి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాగేస్తాయి. మీ నాన్నగారి రిపోర్టులో కనపడిన 68 అలా వచ్చింది. మాత్ర కొలెస్ట్రాల్‌ని కరిగించలేదు, కడిగెయ్యలేదు. లివర్ మీద చేతుల సంఖ్య పెంచింది, అంతే.

మాత్ర ఆపారు. ఎంజైమ్ మళ్లీ పని మొదలుపెట్టింది, లోపల సరుకు నిండింది, లివర్ అదనపు చేతుల్ని తీసేసింది. 148 దగ్గర మొదలైన మనిషి 151 దగ్గరికి చేరాడు. మొదటి రిపోర్టుకీ దీనికీ ఉన్న ఈ 3 పాయింట్ల తేడా ల్యాబ్‌లో మామూలే. అలవాటు పడిపోయి ఉంటే 148 దాటి ఎక్కడికో పోవాలి కదా? పోలేదు. ఆయన ఒంటి సహజ లెక్క ఎక్కడ ఉందో అక్కడికే తిరిగొచ్చింది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు బాగుందని జోడు తీసేసినట్టయింది వ్యవహారం.

ఇదంతా కనిపెట్టినది డాలస్‌లోని మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న పిల్లల చర్మం నుంచి కణాలు తీసి పెంచారు. మామూలు మనుషుల కణాలకు ఎల్‌డీఎల్ అతుక్కుంది, ఆ పిల్లల కణాలకు అతుక్కోలేదు. 1970ల మొదట్లో జరిగిన ఆ పనికి 1985లో నోబెల్ ఇచ్చారు. స్టాటిన్‌కి మూలమైన పదార్థాన్ని జపాన్‌లో అకిరా ఎండో ఒక బూజులోంచి తీశాడు, ఆయనకి మాత్రం నోబెల్ రాలేదు. నాకు అది ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

లివరే ముఖ్యమని ఎలా తెలుసు అని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. నేను స్టార్మీ జోన్స్ గురించి చెప్పేవాణ్ణి. టెక్సాస్ పాప, ఆరేళ్లది. ఎల్‌డీఎల్ వెయ్యి దరిదాపుల్లో ఉండేది, ఆ వయసుకే గుండె పాడైపోయింది. 1984 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లో ఆ పాపకు గుండెతో పాటు లివర్ కూడా మార్చారు. కొత్త గుండె ఒక్కటే పెడితే అదీ పూడుకుపోతుంది కాబట్టి. కొత్త లివర్ మీద పనిచేసే రిసెప్టర్లున్నాయి. ఎల్‌డీఎల్ 200 లోపుకి వచ్చేసింది. ఆ పాప మరో ఆరేళ్లకు పైగా బతికింది.

ఇక మీ అన్నయ్య సంగతి. మీరు రెండో ప్రశ్నగా రాశారు గానీ, నన్నడిగితే ఇదే మొదటిది. నాన్నగారి జబ్బు తెలిసిపోయింది, వైద్యం జరుగుతోంది. అన్నయ్యది ఇంకా ఎవరూ పట్టించుకోలేదు.

ఏ మందూ వాడని పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటితే ‘తిండి తగ్గించు, వాకింగ్ చెయ్యి’ అని పంపించేయకూడదు. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే లివర్ మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు తగ్గుతాయి. థైరాయిడ్ మాత్రతోనే కొలెస్ట్రాల్ దిగినవాళ్లని చూశాను. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో కూడా చూస్తారు. ఆ రెండూ బాగుంటే పుట్టుకతో వచ్చిన రిసెప్టర్ లోపాన్ని అనుమానించాలి. ఇది అరుదైన జబ్బేమీ కాదు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక చెడ్డ జీన్ వస్తుంది, రిసెప్టర్లు సగమే పనిచేస్తాయి. మామూలు మనిషి రక్తంలో ఒక ఎల్‌డీఎల్ మూట రెండున్నర రోజులు తిరిగితే, వీళ్ల రక్తంలో నాలుగున్నర రోజులు తిరుగుతుంది. మనిషి సన్నగా ఉన్నాడా, లావుగా ఉన్నాడా అన్నదానితో దీనికి పని లేదు. నాన్నగారి 148 చూస్తే ఆయన నుంచి వచ్చినట్టు లేదు. అమ్మగారికీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. అయితే నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి రిసెప్టర్లు తగ్గుతాయి, కొలెస్ట్రాల్ ఎలాగూ కొంత పెరుగుతుంది. ఆమె పాత రిపోర్టులుంటే అవి కూడా చూపించండి.

నేను మర్చిపోలేని కేసు ఒకటి. పదకొండేళ్ల పిల్లాడు. చెప్పుల పట్టీ ఒరుసుకుంటోందని వట్టి కాళ్లతో వచ్చాడు. రెండు మడమల వెనక, తాడులా ఉండే స్నాయువు మీద, ఉసిరికాయంత గట్టి ఉబ్బులు. వేళ్ల కణుపుల మీద చిన్నవి, పసుపు రంగులో. వాళ్లమ్మ చర్మం డాక్టరుకి చూపించుకోవడానికి తీసుకొచ్చింది. అదృష్టం కొద్దీ ఆయన పూత మందు రాయకుండా రక్తపరీక్ష రాశాడు. కొలెస్ట్రాల్ 600 దాటింది. తల్లిదండ్రులది మేనరికం. ఇద్దరికీ తాతల నుంచి ఒకే చెడ్డ జీన్ చెరొకటి వచ్చింది. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకీ రెండు చెడ్డ జీన్లూ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రిసెప్టర్లే లేని పిల్లాడికి ఎంత స్టాటిన్ ఇచ్చినా లివర్ పెంచడానికి ఏముంటుంది చెప్పండి? కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మేనరికాలు తగ్గాయి కానీ పోలేదు. మీ అన్నయ్య పెళ్లి మేనరికమైతే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఇంతవరకు లివర్ సంగతి. రక్తనాళం గోడలో ఇంకో రకం రిసెప్టర్లున్నాయి. అసలు చెడు చేసేవి అవి.

తొలగించకుండా రక్తంలో ఉండిపోయిన ఎల్‌డీఎల్ నెమ్మదిగా నాళం గోడలోకి దూరుతుంది. అక్కడ కొంత కాలానికి చెడుతుంది, పాత నూనె కనరు వాసన పట్టినట్టు. చెడిన సరుకుని ఎత్తడానికి తెల్లకణాలు వస్తాయి. వాటి మీద ఉండేవి స్కావెంజర్ రిసెప్టర్లు. చెత్త ఎత్తే చేతులనుకోండి. లివర్ మీది రిసెప్టర్‌కి ‘చాలు’ అనే మాట తెలుసునని చెప్పాను కదా, వీటికి తెలియదు. లోపల ఎంత నిండినా లాగుతూనే ఉంటాయి. చివరికి ఆ కణం మైక్రోస్కోపులో సబ్బు నురగలా కనపడుతుంది. నురగ కణం అని పేరే పెట్టారు. అలాంటివి పోగుపడి, చచ్చి, పైన పొర కట్టి బ్లాక్ అవుతుంది. ఒకే మూటని ఒక రిసెప్టర్ పట్టుకుంటే మేలు, ఇంకొకటి పట్టుకుంటే హార్ట్ ఎటాక్. చిలకకీ మనకీ మిరపకాయ తేడా వచ్చినట్టే.

నాళం లోపలి పొర గురించి ఒక ప్రయోగం చెప్పకుండా ఉండలేను, నాకు చాలా ఇష్టమైనది. రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ (నరాలు కబురు పంపడానికి వదిలే రసాయనం) వేసి చూసేవాడు. ఒక్కోసారి ముక్క బిగుసుకునేది, ఒక్కోసారి వదులయ్యేది. కారణం తేలింది ఎలాగంటే, ముక్క సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రుద్దుకుపోతే బిగుసుకునేది, పొర చెక్కుచెదరకుండా ఉంటే వదులయ్యేది. 1980లో ఆ ఫలితం అచ్చయింది. ఎసిటైల్‌కోలిన్ లోపలి పొర మీది రిసెప్టర్‌కి తగిలితే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలి నాళాన్ని వదులు చేస్తుంది. పొర పోతే అదే మందు కింది కండరం మీది రిసెప్టర్‌కి నేరుగా తగిలి బిగిస్తుంది. 1998 నోబెల్‌లో ఆయనకీ వాటా వచ్చింది. బ్లాకులున్న మనుషుల గుండె నాళాల్లో కూడా ఇదే తిరకాసు కనిపించింది. వదులవ్వాల్సిన చోట బిగుసుకుంటాయి. షుగర్, పొగ, బీపీ ఆ పొరని ఏళ్ల తరబడి రుద్దుతూనే ఉంటాయన్నమాట.

మీరు పంపిన చీటీలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. టెల్మిసార్టాన్ బీపీ మాత్ర. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ నాళాల కండరం మీది ఏటీ-1 రిసెప్టర్‌కి తగిలి బిగిస్తుంది. ఈ మాత్ర ముందే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. యాస్పిరిన్ మాత్రం రిసెప్టర్ మీద పనిచేయదు, ఒక ఎంజైమ్‌ని ఆపుతుంది. స్టాటిన్ తగులుకునేది కూడా ఎంజైమ్‌కే, రిసెప్టర్లు పెరగడం దాని ఫలితం. కాబట్టి మీ రెప్ బంధువు చెప్పింది సగం నిజం.

క్లోపిడోగ్రెల్ దగ్గర కొంచెం ఆగాలి. ప్లేట్‌లెట్ల మీద పీ2వై12 అనే రిసెప్టర్ ఉంటుంది. ఒక ప్లేట్‌లెట్ ‘ఇక్కడ గాయమైంది, రండి’ అని వదిలే కబురు మిగతా ప్లేట్‌లెట్లకు అందేది ముఖ్యంగా దీని ద్వారానే. స్టెంట్ అంటే లోహపు జల్లెడ, అది చూసి గాయమనుకుని గడ్డ కట్టేస్తాయి. క్లోపిడోగ్రెల్ ఆ రిసెప్టర్‌ని శాశ్వతంగా మూసేస్తుంది. ఆ ప్లేట్‌లెట్ బతికే 7 నుంచి 10 రోజులూ దానికి ఇక కబురు వినపడదు. పన్ను పీకించుకోవాలని ఎవరో చెప్పారని దీన్ని సొంతంగా ఆపొద్దు. ఎంత కాలం వాడాలో స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి. సాధారణంగా 6 నుంచి 12 నెలలు, కొందరికి ఎక్కువ.

గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ గురించి చెప్పాలంటే నా సొంత తెలివితక్కువతనం చెప్పాలి. నేనూ అదే వాడతాను. 2016 కృష్ణా పుష్కరాలకి ఇంటి నిండా చుట్టాలు, రోజూ ఒక బ్యాచ్‌ని ఘాట్‌కి తీసుకెళ్లడం. మూడు రోజులు మాత్ర సంగతే మర్చిపోయాను. నాలుగో రోజు పద్మావతి ఘాట్ మెట్లెక్కుతుంటే గుండె చొక్కాలోంచి బయటికొస్తుందేమో అన్నట్టు కొట్టుకుంది. అక్కడే కూర్చుని నాడి లెక్కపెట్టుకుంటే నిమిషానికి 124. ముప్పై ఏళ్లు నేను పిల్లలకి చెప్పిన పాఠమే అది. గుండె మీద అడ్రినలిన్‌ని పట్టుకునే బీటా రిసెప్టర్లని మాత్ర చాలా కాలం మూసి ఉంచితే, కణం ‘నాకు కబుర్లు అందడం లేదు’ అని కొత్త రిసెప్టర్లు పెంచుకుంటుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే ఆ పెరిగినవన్నీ ఒక్కసారిగా అడ్రినలిన్‌కి దొరుకుతాయి. అందుకే దీన్ని తగ్గించాలన్నా డాక్టరు మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. స్టాటిన్ ఆపితే జరిగింది వేరు, ఇది వేరు. అక్కడ మనిషి తన పాత లెక్కకి వచ్చాడు, ఇక్కడ పాత లెక్క దాటిపోతాడు. మీరు ‘అలవాటు పడిపోవడం’ అని దేన్ని భయపడ్డారో అది కాస్తో కూస్తో వర్తించేది ఈ మాత్రకే.

అన్నయ్యకి స్టాటిన్‌తో సరిపోకపోతే? స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుందని ఒక మోటు లెక్క ఉంది. దానికి కారణం మళ్లీ రిసెప్టరే. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కి అంటుకుంటే, ఆ రిసెప్టర్ లోపలికెళ్లాక తిరిగి పైకి రాదు, అక్కడే ముక్కలైపోతుంది. స్టాటిన్ రిసెప్టర్లతో పాటు దీన్నీ పెంచుతుంది. ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో లాక్కున్నట్టు. ఈ ప్రొటీన్ అతిగా పనిచేసే కుటుంబాలు 2003లో ఫ్రాన్స్‌లో బయటపడ్డాయి. ఆ తర్వాత అమెరికాలో దీనికి ఉల్టా మనుషులు దొరికారు. పుట్టుకతోనే ఇది సరిగ్గా పనిచేయని నల్లజాతి వాళ్లలో ఎల్‌డీఎల్ 28 శాతమే తక్కువ, కానీ గుండె జబ్బు 88 శాతం తక్కువ. 2006లో వచ్చిన ఆ లెక్క చూసి నేను రెండోసారి చదువుకున్నాను. పుట్టినప్పటి నుంచి కాస్త తక్కువగా ఉండటం, అరవై ఏళ్లొచ్చాక బాగా తగ్గించుకోవడం కన్నా ఎంత బలమైనదో అందులో ఉంది. ఇప్పుడు పీసీఎస్‌కే9కి అడ్డుపడే ఇంజెక్షన్లున్నాయి, రెండు వారాలకొకటి వేసేవి, ఆర్నెల్లకొకటి వేసేవి. ఖరీదెక్కువ. ముందు ఎజెటిమైబ్ అనే చవక మాత్ర కలిపి చూస్తారు, చాలామందికి అది చాలు.

అమ్మగారి పచ్చళ్ల విషయం. కారానికి కొలెస్ట్రాల్‌తో తగువు లేదు. ఆవకాయలో ఉప్పు నాన్నగారి బీపీకి మంచిది కాదు, అది నిజం. ఎల్‌డీఎల్‌ని పెంచేవి ఎక్కువగా డాల్డా, పామాయిల్, నెయ్యి, మీగడ. వాటిలోని సంతృప్త కొవ్వు లివర్ మీది ఎల్‌డీఎల్ రిసెప్టర్ల పనిని తగ్గిస్తుంది. మిరపకాయ బజ్జీలో తప్పు మిరపకాయది కాదు, మూకుడులో ఉన్నదానిది. గోంగూర పచ్చడిలో నూనె, ఉప్పు తగ్గించి ఎప్పటిలాగే తినమనండి.

ఈ వారంలో చేయాల్సింది: నాన్నగారు ఆపేసిన మాత్ర గురించి కార్డియాలజిస్టుకి దాచకుండా చెప్పి మళ్లీ మొదలుపెట్టాలి. అన్నయ్య మడమ వెనక స్నాయువుని వేళ్లతో పట్టి చూడండి, మీ మడమతో పోల్చితే మందంగా, గరుకుగా ఉందా అని. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉందేమో చూడండి. 45 ఏళ్ల లోపు అది కనపడితే లెక్కలోకి తీసుకోవాలి. రెండూ లేకపోయినా 214కి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అన్నయ్యకి ఏడేళ్ల పాప ఉందని రాశారు. అతనికి జీన్ లోపం ఉంటే పాపకి వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్కసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. మొదటి పరీక్షకి పాపని పరగడుపున ఏడిపించనక్కర్లేదు, ఇడ్లీ పెట్టే తీసుకెళ్లొచ్చు.